స్థాపన అక్కరలేని ప్రోగ్రాము

శ్రీకాకుళము నుండి విశాఖపట్టణమునకు పోవు జాతీయ రహదారి మీద ఎచ్చెర్ల చేరువకు రాగానే విద్యార్థుల రాకపోకలు కానవచ్చును. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు స్నాతకోత్తర కేంద్రముగా నుండి 2008లో స్వతంత్ర ప్రతిపత్తి నొందిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయము ఇచ్చటనే కలదు. గ్రామీణ విద్యార్థుల కొరకు ఉద్దేశింపబడి, జనుల నోట ట్రిపుల్ ఐటీగా స్థిరపడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు 2016లో ఏర్పడిన శ్రీకాకుళ ప్రాంగణము ఇదే మండలమునందలి ఎస్.ఎం. పురమున నున్నది. ఇట్టి చోట చదువుకొను విద్యార్థి యొకడు ఉబుంటు లినక్స్ నడచుచున్న ల్యాబు కంప్యూటరు ముందు కూర్చుండి, తన ప్రాజెక్టునకు ఏదో యొక ప్రోగ్రాము యొక్క క్రొత్త వెర్షను కావలెనని కోరినాడనుకొందము. కంప్యూటరు అతనిది కాదు. దానిలో ఏదేని ఇన్‌స్టాల్ చేయవలెనన్నచో అడ్మిన్ పాస్‌వర్డు కావలెను. అది ల్యాబు బాధ్యులయొద్ద నుండునే కాని విద్యార్థి చేతికి రాదు, రాకుండుటయు న్యాయమే. అనుమతి లభించినను, ఆ ఉబుంటు వెలువడిన నాటి పాత వెర్షనే తఱచుగా దాని ప్రోగ్రాముల భాండాగారమున దొరకును. ఈ రెండు అడ్డంకులను దాటి, ఒక్క ఫైలును పెన్‌డ్రైవులో తెచ్చుకొని, దానికి నడచుటకు అనుమతినిచ్చి, రెండుమార్లు క్లిక్ చేసినంతనే ప్రోగ్రాము తెరచుకొను ఏర్పాటు లినక్స్‌లో నొకటి కలదు. దాని పేరు ఆప్‌ఇమేజ్. తెలుగున చదువుచు వ్రాయుచు నుండువారికి ఇది చేసిన మేలు, చేయగల మేలు చిన్నది కాదని నా యభిప్రాయము.

దీని విశేషము బోధపడుటకు, లినక్స్‌లో ప్రోగ్రాములు సాధారణముగా ఏ త్రోవన వచ్చునో మొదట తెలియవలెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ వెలువరించినది వ్యవస్థకు గుండెవంటి కెర్నెల్ మాత్రమే. దాని చుట్టును గ్నూ సాధనములను, తెరమీది కిటికీల వ్యవస్థను, వేలకొలది ప్రోగ్రాములను కూర్చి, వాడుకొనువానికి సిద్ధముగా నందించు సముదాయములు తరువాత పుట్టినవి, వీనినే డిస్ట్రోలందురు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ వానిలో తొలితరమునకు చెందినది. ఉబుంటు దానినుండి పుట్టినది. రెడ్‌హ్యాట్, ఫెడోరాలది వేరొక శాఖ. ప్రతి డిస్ట్రోకును తన ప్యాకేజీ పద్ధతి, తన భాండాగారము ఉండును. ఏ ప్రోగ్రామునకు ఏ లైబ్రరీ (అనగా పలు ప్రోగ్రాములు పంచుకొను సిద్ధభాగము), అందునను ఏ వెర్షను, అవసరమో ప్యాకేజీలోనే వ్రాసియుండును. 1999లో డెబియన్ 2.1తో వచ్చిన ఆప్ట్ అను సాధనము ఆ వ్రాతను చదివి, కావలసినవన్నియు దించి, యథాస్థానముల నుంచును. పది ప్రోగ్రాములకు ఒకే లైబ్రరీ చాలును. ఆ లైబ్రరీలో దోషము బయల్పడినచో ఒకచోట సవరించిన పదింటికిని సవరణ యగును. ఈ పద్ధతి యొక్క సౌష్ఠవమును ఎంత మెచ్చుకొన్నను తక్కువయే.

అయితే దీనికి వెల యున్నది. లైబ్రరీలన్నియు ఒకదానితో నొకటి ముడివడియుండుట చేత, ఒక ప్రోగ్రామును మాత్రము ముందునకు జరుపుట దుస్సాధ్యము. సత్రములో దిగినవాడు అచ్చటి వంటశాలలో ఆనాడు వండినదే భుజింపవలెను. తన చద్దిమూట తాను కట్టుకొని వచ్చినవానికి ఆ వంటశాల తెరచియున్నను మూసియున్నను ఒక్కటే. ఆప్‌ఇమేజ్‌గా కట్టిన ప్రోగ్రాము అట్లే తన లైబ్రరీల మూటను తానే మోసుకొనివచ్చును.

ఈ భావన ఒక్కనాట పుట్టినది కాదు. సైమన్ పీటర్ అను జర్మన్ ప్రోగ్రామరు 2004లో క్లిక్ అను పేరుతో మొదటి ప్రయత్నము చేసెను. సీడీ నుండియే నడచు నాపిక్స్ అను లినక్స్‌లో స్థాపనకు తావే లేకుండుట ఆ ప్రయత్నమునకు ప్రేరణ యయ్యెను. అది పలురూపములు మారి, ఇంచుమించు పదేండ్లకు ఆప్‌ఇమేజ్‌గా నిలదొక్కుకొనెను. కెర్నెల్ కర్తయగు టోర్వాల్డ్స్‌నకే ఈ చిక్కు స్వయముగా అనుభవమునకు వచ్చుట గమనింపదగినది. ఆయన సముద్రములో మునిగి ఈదువారి కొరకు 2011లో సబ్‌సర్ఫేస్ అను ప్రోగ్రామును ఆరంభించెను. విండోస్‌కును మ్యాక్‌కును ఒక్కొక్క ఫైలు చేసి పంచుట సులభమై, తాను సృష్టించిన లినక్స్‌లోనే డిస్ట్రోకొక తీరున ప్యాకేజీ కట్టవలసివచ్చుట ఎంతటి బాధయో 2014లో అమెరికాలోని పోర్ట్‌లాండున జరిగిన డెబియన్ సమావేశములో ఆయన దాపరికము లేక చెప్పెను. మరుసటి యేడు సబ్‌సర్ఫేస్ ఆప్‌ఇమేజ్‌గా వెలువడినప్పుడు మనసార మెచ్చుకొనెను.

ఇక ఆ ఫైలులోపల ఏమున్నదో విప్పి చూతము. కంప్యూటరు చదువు తీరున బైటు బైటుగా చదివినచో, మొదటి నాలుగు బైట్లు 7ఎఫ్, 45, 4సి, 46 అని పదునారింటి లెక్కలో కనబడును. ఇది ఎల్ఫ్ అను రూపమునకు గుర్తు. లినక్స్ కెర్నెల్ ఈ గుర్తును చూచి, ఇది నడపదగిన ప్రోగ్రామని గ్రహించును. మరికొంచెము ముందునకు పోగా, సున్న మొదలు లెక్కించి ఎనిమిదవ స్థానమున 41, 49, 02 అను మూడు బైట్లుండును. మొదటి రెండును ఆప్‌ఇమేజ్ అను పేరులోని ఆద్యక్షరములకు సంకేతములు, మూడవది రెండవ తరపు రూపమని తెలుపునది. ఈ ముందుభాగము స్వల్పమైన నడిపింపు ప్రోగ్రాము మాత్రమే. అది ముగిసిన చోటునుండి ఫైలు చివర వరకును ఉన్నది స్క్వాష్ఎఫ్ఎస్ అను ఫైలు వ్యవస్థ: అనగా ఫోల్డర్లును ఫైళ్ళును కల యొక డిస్కునే నొక్కి కుదించి, వ్రాతకు లొంగక చదువుటకు మాత్రమే వీలగునట్లు ముద్దచేసిన రూపము. ప్రోగ్రామును, దాని లైబ్రరీలను, బొమ్మలను, అనువాదములను అన్నిటిని ఇందులోనే అమర్చియుందురు.

ఫైలు మీద క్లిక్ చేయగానే ముందుభాగము మేలుకొని, తన వెనుకనున్న స్క్వాష్ఎఫ్ఎస్‌ను తాత్కాలిక ఫైళ్ళుండు టెంప్ ఫోల్డరులో ఒక మరుగు ఫోల్డరుగా తగిలించును. సాధారణముగా ఫైలు వ్యవస్థను తగిలించుటకు అడ్మిన్ అధికారము కావలెను; కాని 2005లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన ఫ్యూజ్ అను సౌకర్యము సామాన్య వినియోగదారునికిని ఆ శక్తిని ప్రసాదించినది. విద్యార్థికి పాస్‌వర్డు అక్కరలేకపోవుటలోని రహస్యమంతయు ఇదియే. పిమ్మట ఆ ఫోల్డరులోని ఆప్‌రన్ అను ఫైలు నడచును. అది, లైబ్రరీలను మొదట ఈ మూటలోనే వెదకవలెనని దారిచూపి, అసలు ప్రోగ్రామును లేపును. ఇందులో డిస్కుమీదికి విప్పి పరచుట లేదు; ఏ భాగము కావలసివచ్చునో ఆ భాగము మాత్రమే అప్పటికప్పుడు కుదింపు విడి మెమరీలోనికి వచ్చును. ప్రోగ్రామును మూసినంతనే ఆ మరుగు ఫోల్డరు తొలగిపోవును. కంప్యూటరు వ్యవస్థా ఫోల్డర్లలో ఒక్క ఫైలైనను మారదు. ప్రోగ్రాము వలదనుకొన్నచో ఆ ఫైలును చెరిపివేయుటయే.

వినియోగదారుడు చేసుకొన్న అమరికలు మాత్రము మామూలుగా అతని హోమ్ ఫోల్డరులోనే మిగులును. వానిని గూడ వెంట కొనిపోవలెనన్నచో, ఆప్‌ఇమేజ్ ఫైలు ప్రక్కన అదే పేరునకు చివర చుక్కయు హోమ్ అను మాటయు చేర్చిన ఫోల్డరు నొకదానిని సృష్టించిన చాలును. ప్రోగ్రాము దానినే తన ఇల్లుగా భావించి, అమరికలన్నియు అందే దాచుకొనును. పెన్‌డ్రైవు మీద ల్యాబునుండి హాస్టలుకు, హాస్టలునుండి ఇంటికి తిరుగు విద్యార్థులలో ఈ సంగతి తెలిసినవారు కొద్దిమందియే, తెలిసికొనదగినది.

మూటలో సర్వమును ఉండునని మాత్రము తలంపరాదు. గ్రాఫిక్స్ కార్డును నడిపించు లైబ్రరీలు ఆయా కంప్యూటరునకు ప్రత్యేకములగుట చేత వానిని మూటలో చేర్చరు. అన్నిటికంటె మూలమైన జీలిబ్‌సీని సైతము చేర్చకుండుటయే ఆచారము. ఇచ్చట నొక సూక్ష్మమున్నది. జీలిబ్‌సీ పాత ప్రోగ్రాములను ఎన్నడును విడనాడదు. పాత వెర్షను మీద కట్టిన ప్రోగ్రాము క్రొత్తదానిమీద నడచును. క్రొత్తదానిమీద కట్టినది పాతదానిమీద నడచునన్న హామీ మాత్రము లేదు. ఉబుంటు 20.04లో నున్నది జీలిబ్‌సీ 2.31, ఉబుంటు 22.04లో నున్నది 2.35. రెండవదానిమీద కట్టిన ఆప్‌ఇమేజ్‌ను మొదటిదానిమీద నడపబూనినచో, జీలిబ్‌సీ 2.34 దొరకలేదను ఒక్క పంక్తి టెర్మినల్‌లో కనబడి, ప్రోగ్రాము తెరచుకొనకయే ఆగిపోవుట తఱచు. కావుననే ఆప్‌ఇమేజ్ కట్టువారు, ఇంకను వాడుకలో నున్న డిస్ట్రోలలో మిక్కిలి పాతదానిని ఎన్నుకొని దానిమీద కట్టవలెనని నియమము పెట్టుకొన్నారు. ఈ నియమమును పాటింపని ఆప్‌ఇమేజ్ ఎక్కడైనను నడచునని చాటుకొనుటకు అర్హము కాదని నేను నిస్సంకోచముగా చెప్పుదును.

తెలుగువారికి దీనివలన కలిగిన ప్రత్యక్ష ప్రయోజనమును ఒక ఉదాహరణముతో చూపవలెను. పుస్తకములను, పత్రికలను పుటలుగా తీర్చు స్క్రైబస్ అను స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఒకటి కలదు. దాని 1.4 వరుస వెర్షన్లు లాటిన్ లిపికి చక్కగా పనిచేసెడివి కాని, తెలుగు విషయమున విఫలమగుచుండెను. ఎందుచేతననగా తెలుగు యూనికోడ్‌లో వ్రాసిన క్రమము వేరు, కంటికి కనబడవలసిన రూపము వేరు. ఎచ్చెర్ల అను పేరునే తీసికొందము. కంప్యూటరులో ఇది ఎనిమిది సంకేతములు: ఎకారము, చకారము, పొల్లు, మరల చకారము, ఎత్వము, రేఫము, పొల్లు, లకారము. తెరమీద మూడక్షరములుగా కనబడవలెను. రెండవ చకారము ఒత్తుగా మారి క్రిందికి దిగవలెను. దాని తరువాత వ్రాసియున్న ఎత్వము వెనుకకు మరలి మొదటి చకారము నెత్తిన కూర్చుండవలెను. లకారము రేఫము క్రింద ఒదుగవలెను. ఇట్లు తీర్చు పనిని ప్రత్యేకమైన యంత్రాంగము చేయవలెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో అది హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ. అది లేని స్క్రైబస్ 1.4లో ఒత్తులు ఒదుగక, పొల్లులు విడిగా నిలిచి, పుటయంతయు చదువరాని గందరగోళమయ్యెడిది.

ఒమన్ దేశపు అభివృద్ధికారులు అరబ్బీ కొరకు పూనుకొని చేసిన కృషి ఫలితముగా, 2017లో వెలువడిన స్క్రైబస్ 1.5.3లో హార్ఫ్‌బజ్ చేరినది. అరబ్బీతో పాటు భారతీయ లిపులన్నిటికిని ద్వారము తెరచుకొన్నది. కాని 1.5 వరుస అభివృద్ధిదశలోని దగుట చేత, స్థిరత్వమును కోరు డిస్ట్రోలు చాలకాలము 1.4నే భాండాగారములలో నుంచినవి, స్థిరమైన 1.6.0 వెలువడునప్పటికి 2024 వచ్చినది. ఈ ఆరేండ్ల యంతరమును దాటించినది స్క్రైబస్ బృందమువారే స్వయముగా కట్టి యిచ్చిన ఆప్‌ఇమేజ్. డిస్ట్రో ఏదైనను, దాని భాండాగారములో నున్నది ఎంత పాతదైనను, ఆ యొక్క ఫైలును తెచ్చుకొన్నవాడు తెలుగు పుటను తెలుగుగా చూడగలిగెను. పాత స్క్రైబస్ ప్రక్కనే క్రొత్తదియు ఉండి, ఒకటి మరియొకదానిని చెరుపకుండెను. కృత, ఇంక్‌స్కేప్, కెడెన్‌లైవ్, ఫ్రీక్యాడ్ మొదలగు ప్రసిద్ధ ప్రోగ్రాముల కర్తలును ఇదే విధముగా తమ ఆప్‌ఇమేజ్‌లను తామే ఇచ్చుచున్నారు.

ఫాంట్ల సంగతి వేరు. ఆప్‌ఇమేజ్ సాధారణముగా కంప్యూటరులో నున్న ఫాంట్లనే వాడుకొనును గాని, తెలుగు ఫాంట్లను వెంట తేదు. అదృష్టవశమున దీనికిని అడ్మిన్ అధికారము అవసరము లేదు. పోతన, వేమన, మండలి, సురవరము వంటి ఉచిత ఫాంట్లలో కోరినదానిని తెచ్చి, హోమ్ ఫోల్డరు లోపల చుక్కతో మొదలగు లోకల్, షేర్, ఫాంట్స్ అను వరుసలో నున్న తన సొంత ఫాంట్ల ఫోల్డరులో వేసిన చాలును. ఇట్లు చేసిన పిమ్మట, ల్యాబులో మార్పేమియు చేయకయే ఎచ్చెర్ల విద్యార్థి తన కళాశాల పత్రికను తెలుగులో అచ్చునకు సిద్ధము చేసికొనవచ్చును.

శ్రీకాకుళపు తీరప్రాంతమునకు ఆప్‌ఇమేజ్‌వలన మరియొక ఉపయోగము కలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువను తీరము దాటినప్పుడు, ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు నేలకూలుటయే గాక, విద్యుత్తును టెలిఫోను సంబంధములును దినముల తరబడి తెగిపోయినవి. అట్టి వేళ భాండాగారమును అందుకొనుటెట్లు? ఇంటర్‌నెట్టు లేనిచోట ప్యాకేజీలను ఒక్కొక్కటిగా వెదకి తెచ్చి, అది కోరిన లైబ్రరీని, ఆ లైబ్రరీ కోరిన మరియొకదానిని సేకరించుట ఎంతటి ఓర్పునైనను పరీక్షించు పని. ఒక్క ఫైలు చేతినుండి చేతికి పోవుట ఎంత సులభము! తుపానుల మాట యటుంచి, సెల్ సంకేతము అంతంత మాత్రముగా నుండు ఏజెన్సీ గ్రామములకును ఇది వర్తించును. నెట్టు దొరికినప్పుడు క్రొత్త వెర్షనునకు మారుటకును పూర్తి ఫైలును దింపనక్కరలేదు. కర్త తగిన ఏర్పాటు చేసియున్నచో, జీసింక్ అను పద్ధతి పాత ఫైలును క్రొత్తదానితో సరిపోల్చి, మారిన భాగములను మాత్రమే తెప్పించును.

ఇటువంటి లక్ష్యముతోనే వచ్చినవి స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అను పద్ధతులు. స్నాప్‌కు వెనుక ఎల్లప్పుడును మేల్కొనియుండు సేవ యొకటి కావలెను. ఫ్లాట్‌ప్యాక్ పలు ప్రోగ్రాములకు ఉమ్మడిగా పెద్ద ఆధారభాగమును దించుకొనును. అవి రెండును ప్రోగ్రామును కంచె లోపల నుంచి, దాని చేతులు ఎంతవరకు చాపవచ్చునో నిర్ణయించును. తాజాగా నుంచు బాధ్యతయు స్వీకరించును. ఆప్‌ఇమేజ్‌లో స్వతస్సిద్ధముగా ఆ కంచెయు, ఆ బాధ్యతయు లేవు. శాశ్వతముగా ఒకే కంప్యూటరును వాడుకొని, మంచి నెట్టు కలవారికి ఫ్లాట్‌ప్యాక్ మేలనియే నేనును చెప్పుదును.

ఆప్‌ఇమేజ్ లోపమును ఇంకను స్పష్టముగా చెప్పవలసియున్నది, ఏలయనగా దానిని దాచుట పాఠకునకు ద్రోహమగును. 2023 సెప్టెంబరులో, బొమ్మలను చదువు లిబ్‌వెబ్‌పీ అను లైబ్రరీలో ఘోరమైన భద్రతాదోషము బయల్పడినది. డిస్ట్రో భాండాగారమునుండి వచ్చిన ప్రోగ్రాములకు ఒక్క సవరణతో రక్షణ కలిగెను. ఆ లైబ్రరీని తమ మూటలలో మోసుకొనివచ్చిన ప్రోగ్రాములు మాత్రము, ఆయా కర్తలు క్రొత్త మూట కట్టువరకును, వాడుకొనువారు దానిని తెచ్చుకొనువరకును దోషముతోనే తిరిగినవి. అదిగాక, ఆప్‌ఇమేజ్ నడచునప్పుడు వినియోగదారుని ఫైళ్ళన్నిటిని చదువగల అధికారము దానికుండును. కావున దానిని కర్తల సొంత తావునుండియే తెచ్చుకొనవలెను; వారు ప్రకటించిన ఎస్‌హెచ్‌ఏ 256 మొత్తముతో, అనగా ఫైలునుండి గణించిన వ్రేలిముద్రవంటి సంఖ్యతో, చేతిలోని ఫైలు మొత్తమును సరిచూడవలెను; ఒక్క యంకె తేడా వచ్చినను దానిని తెరువరాదు. పెన్‌డ్రైవులో మిత్రుడిచ్చినదైనను ఇదే నియమము. వార్తలు చదువు బ్రౌజరు, ఉత్తరములు చూచు ప్రోగ్రాము వంటి, లోకముతో నిత్యసంబంధము కలవానిని డిస్ట్రో చేతనే తెప్పించుకొని, పుటల కూర్పు, చిత్రలేఖనము, నమూనాల నిర్మాణము వంటి ప్రత్యేక కార్యములకు ఆప్‌ఇమేజ్‌ను వాడుట వివేకము. మరియొక చిక్కును కలదు: 2022 నాటి ఉబుంటు 22.04 నుండి ఫ్యూజ్ పాత లైబ్రరీ ముందుగా అమర్చబడి రాకపోవుటచే పలు ఆప్‌ఇమేజ్‌లు మొరాయించుటయు కద్దు. అప్పుడు ఆ ఫైలునకే ఆప్‌ఇమేజ్ ఎక్స్‌ట్రాక్ట్ అను ఆదేశము నిచ్చినచో, మూట ఒక ఫోల్డరుగా విడిపోవును. అందలి ఆప్‌రన్‌ను నడపుకొనవచ్చును.

తెలుగు డెస్క్‌టాప్‌ను లినక్స్‌కు తెచ్చుటకై స్వేచ్ఛ వంటి సంస్థలు మన కళాశాలలలో పెంపొందించిన స్వయంసేవకుల సంప్రదాయము ఇంకను సజీవముగా నున్నది. ఈ ప్రాంతమునకు భాషాసేవ క్రొత్త కాదు: శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తిగారు ఇచ్చటి కొండలలోని సవరల భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిరి; ఆ భాషకై రూపొందిన సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడ్‌లో స్థానము లభించినది. కాని ఆ లిపిలో నొక వాచకమును కూర్పగోరు కొండగ్రామపు ఉపాధ్యాయునికి, ఫాంటును, కీబోర్డును, పుటల కూర్పును ఒకేచోట నందించు సాధనము కావలెను. ప్రోగ్రాము కర్త తలచినచో ఫాంటును సైతము మూటలోనే పెట్టి, అది దానినే వాడుకొనునట్లు చేయవచ్చును. ఎచ్చెర్లలో కంప్యూటరు శాస్త్రము చదువుచున్న యువతీయువకులకు నా మనవి యిది: మీ చివరియేటి ప్రాజెక్టులలో నొకటైనను ఇట్టి తెలుగు సాధనమునకో, సవర సాధనమునకో కేటాయింపుడు, దానిని వాడుకలో నున్న పాత డిస్ట్రో మీదనే కట్టుడు, ఎస్‌హెచ్‌ఏ మొత్తమును ప్రక్కనే ప్రకటింపుడు, పిమ్మట పెన్‌డ్రైవులో వేసి సీతంపేట కొండలలోని యొక పాఠశాలకు కొనిపోయి, అచ్చటి పాత కంప్యూటరు మీద అది తెరచుకొనునో లేదో మీ కన్నులతో చూచి రండు.